సభ, సంఘం, ప్రభువు: డోర్నకల్ క్రైస్తవ ఆలోచనలో విశ్వాసం, ప్రభుత్వం, ప్రజాజీవితం

ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు తెలుగు సాహిత్య చరిత్రలో రెండు గుర్తింపులు స్థిరపడి ఉన్నాయి. మొదటిది భక్తికవుల నేల అన్న గుర్తింపు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర జనగామ జిల్లాలో ఉన్నాయి. త్రిలింగ క్షేత్రాలలో ఒకటైన కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలో ఉంది. రెండవది రైతాంగ సాయుధ పోరాటపు నేల అన్న గుర్తింపు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుంచి ఈ ప్రాంతపు కథ, పాట, నవల, ఆత్మకథ ఆ పోరాటం చుట్టూ అల్లుకున్నాయి. ఈ రెండింటి నడుమ మూడవ వాఙ్మయ ధార ఒకటి ఉంది. అది బైబిలు అనువాదంలోని మాటలతో, సంఘ కీర్తనలతో, ప్రసంగాలతో, బోధక గ్రంథాలతో రూపొందిన క్రైస్తవ వాఙ్మయం. విశ్వాసానికీ ప్రభుత్వానికీ ఉండవలసిన సంబంధం గురించి ఈ వాఙ్మయం ఏమన్నదో తెలుగు విమర్శ తగినంతగా పరిశీలించలేదు.

ఇందుకు కారణం ఒక ముందస్తు నిర్ణయం. లేఖనమే తుది ప్రమాణమని, వ్యక్తిగతమైన మారుమనస్సే రక్షణకు ద్వారమని, సంఘ క్రమశిక్షణ తప్పనిసరి అని నమ్మే సంప్రదాయబద్ధ క్రైస్తవ దృక్పథాన్ని రాజకీయ విముఖతగా లెక్కించడం పరిపాటి అయింది. పరలోకం వైపు చూసేవారు పాలకుని గురించి ఆలోచించరన్నది ఆ లెక్క. డోర్నకల్ బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్య (1874-1945) వైఖరిని, ఆయన నడిపిన సంఘం వాడిన తెలుగు మాటలను కలిపి చదివినప్పుడు ఈ లెక్క నిలవదు. ప్రభుత్వం ఇవ్వజూపిన రాజకీయ గుర్తింపును విశ్వాసం పేరిట నిరాకరించడం కూడా రాజకీయ నిర్ణయమే. ఆ నిరాకరణకు ఒక బలం ఉంది, ఒక వైఫల్యమూ ఉంది. ఆ రెండూ ‘సంఘము’ అనే మాటలోనే ఇమిడి ఉన్నాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

రెండు మిషన్లు, రెండు వారసత్వాలు

ఓరుగల్లు ప్రాంతానికి క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1879లో హనుమకొండలోను, 1901లో జనగామలోను కేంద్రాలు నెలకొల్పింది. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ డోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎంచుకొంది. సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలుమార్గం వల్ల డోర్నకల్ అప్పటికే రైల్వే కూడలిగా మారింది. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ప్రభుత్వం విషయంలో ఈ రెండు మిషన్ల వారసత్వాలు పరస్పర విరుద్ధమైనవి. రాజ్యం విశ్వాసాన్ని శాసించరాదని, సంఘం రాజ్యం సొమ్ముతో నడవరాదని బాప్టిస్టులు 17వ శతాబ్దం నుంచి వాదిస్తూ వచ్చారు. ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండులో రాజముద్ర గల సంఘం. భారతదేశంలో అది బ్రిటిష్ రాజ్యంతో ఉన్న చట్టబంధం నుంచి 1930లో గాని విడివడలేదు. కాగా డోర్నకల్ గ్రామాలలో క్రైస్తవులైన మాల, మాదిగ కుటుంబాలకు ఎదురైన ‘రాజ్యం’ ఇంగ్లండు రాజుది కాదు. అది నిజాం రాజ్యం. దాని నిత్యరూపం పటేలు, పట్వారీ, దేశ్‌ముఖు. అజరయ్య డయోసీసులో మరొక భాగం కృష్ణా ప్రాంతంలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒకే బిషప్ బోధను విన్న ప్రజలు రెండు ప్రభుత్వాల కింద జీవించారు. పాలకుడు ఎవరన్న దానిపై ఆధారపడని ఒక సంఘ భావనను నిర్మించవలసిన అవసరం ఈ పరిస్థితి నుంచే పుట్టింది.

అజరయ్య మాతృభాష తమిళం. ‘క్రిస్టియన్ గివింగ్’, హెన్రీ వైట్‌హెడ్‌తో కలిసి రాసిన ‘క్రైస్ట్ ఇన్ ది ఇండియన్ విలేజెస్’ (1930) వంటి ఆయన ప్రసిద్ధ గ్రంథాలు ఇంగ్లీషువి. కాని ఆయన సంఘం నిలిచింది తెలుగులో. ఆ తెలుగుకు మూలం బైబిలు అనువాదం. కనుక ముందుగా ఆ మాటలనే పరిశీలించాలి.

సభ ఎక్కడ, సంఘం ఎక్కడ

కొత్త నిబంధన గ్రీకు మూలంలో విశ్వాసుల సమూహానికి వాడిన మాట ‘ఎక్లేసియా’. అది పుట్టుకలో మతపదం కాదు. గ్రీకు నగరంలో పౌరులు సమావేశమై నిర్ణయాలు చేసే సభకు అది పేరు. అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణంలో చెలరేగిన అల్లరి ఘట్టంలో ఆ మాట దాని పౌరార్థంలోనే కనిపిస్తుంది. తెలుగు అనువాదం అక్కడ ‘సభ’ అన్నది. విశ్వాసుల విషయంలో మాత్రం ‘సంఘము’ అన్నది. మూలంలో ఒకటే అయిన మాట తెలుగులో రెండుగా చీలింది. పౌరులు కూడితే సభ, విశ్వాసులు కూడితే సంఘం. ఈ ఎంపిక సహజమైనదే. సందర్భాన్ని బట్టి అర్థం స్పష్టం చేయడం అనువాదకుని ధర్మం. కాని దాని పర్యవసానం లోతైనది. విశ్వాసుల సమూహానికి పౌరసభతో ఉన్న పదబంధుత్వం తెలుగు పాఠకునికి కనిపించకుండా పోయింది.

‘ప్రభువు’ అనే మాట చరిత్ర ఇందుకు భిన్నం. తెలుగులో ప్రభుత్వం అనే మాట ప్రభువు నుంచే పుట్టింది. నైజాం ప్రభువు, జమీందారీ ప్రభువు అన్న వాడుక ఉన్న కాలంలోనే బైబిలు ఆ మాటను యేసుకు ఇచ్చింది. అనువాదం ఇక్కడ రెండు మాటలు కల్పించలేదు. పొలంలో ఏలికకూ ప్రార్థనలో దేవునికీ ఒకే మాట వాడిన మాదిగ విశ్వాసికి, నిజమైన ప్రభువు ఎవరన్న ప్రశ్న వేదాంత చర్చ అవసరం లేకుండానే ఎదురవుతుంది. రోమా పత్రిక 13వ అధ్యాయం అధికారులకు ‘లోబడుట’ను బోధిస్తుంది; అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయం మనుష్యాజ్ఞ దైవాజ్ఞకు అడ్డువచ్చినప్పుడు దైవాజ్ఞనే ఎంచుకొమ్మంటుంది. సంప్రదాయబద్ధ క్రైస్తవం ఈ రెండింటినీ వదులుకోలేదు. లోబడడం, ఆరాధించడం వేరువేరన్నది దాని మౌలిక సూత్రం. ప్రభుత్వానికి పన్ను ఇవ్వవచ్చు, గౌరవం ఇవ్వవచ్చు, మనస్సాక్షిని ఇవ్వరాదు.

ఈ పదచరిత్రలో మరొక మలుపు జనగామ నేలమీదే సంభవించింది. 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ, 1940ల నాటికి వెట్టికీ దేశ్‌ముఖుల దౌర్జన్యానికీ వ్యతిరేకంగా పల్లెలను కదిలించింది. దాని అధికారిక నామం ‘సభ’. కాని పల్లెజనం దానిని ‘సంఘం’ అన్నారు. సంఘంలో చేరడమంటే దొరకు ఎదురు నిలవడమని పాలకుర్తి, కడవెండి గ్రామాలకు తెలుసు. అనువాదకులు విడదీసిన రెండు మాటలను ప్రజల వాడుక తిరిగి ఒకటి చేసింది. ఒకే దశాబ్దంలో, ఒకే ప్రాంతంలో ‘సంఘం’ అనే మాట ఆదివారపు ఆరాధన సమూహానికీ, గడీని ధిక్కరించిన రైతుకూలీ సమూహానికీ పేరైంది. ఒకే మాటకు సాగిన ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టినప్పుడే క్రైస్తవ దృక్పథపు ప్రత్యేకత తెలుస్తుంది. రెండు సంఘాలూ అణగారినవారిని కూడగట్టాయి. ఒకటి పాలనను మార్చాలనుకొంది. మరొకటి పాలన ఎవరిదైనా చెక్కుచెదరని సమూహాన్ని నిర్మించాలనుకొంది.

1932: ఓటరు జాబితా, బాప్తిస్మపు జాబితా

అజరయ్య వైఖరికి అసలైన పరీక్ష 1932లో ఎదురైంది. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు, భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలను ప్రతిపాదించింది. క్రైస్తవ నాయకులలో ఏకాభిప్రాయం లేదు. రౌండ్ టేబుల్ సమావేశాలలో కె.టి. పాల్, ఎస్.కె. దత్తా ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించగా, కథోలిక నాయకుడు ఎ.టి. పన్నీర్‌సెల్వం వాటిని సమర్థించారు. అజరయ్య వ్యతిరేకుల పక్షాన నిలిచారు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు ఈ అవార్డు వర్తించదు. ఆయన డయోసీసులోని మద్రాసు ప్రెసిడెన్సీ భాగానికి వర్తిస్తుంది. తన ప్రజలలో ఒక భాగానికి అందివచ్చే రాజకీయ ప్రయోజనాన్ని ఆయన కాదన్నారు.

ఆయన అభ్యంతరం సారాంశం ఇది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గం ఏర్పడితే సంఘం తన ప్రయోజనాలు తాను కాపాడుకొనే ఒక ‘కులం’ వంటి వర్గంగా మారుతుంది. ప్రతి బాప్తిస్మమూ ఒక ఓటరును ఒక జాబితానుంచి మరొక జాబితాకు మార్చే చర్య అవుతుంది. అప్పుడు సువార్త ప్రకటనను రాజకీయ సంఖ్యాబలం కోసం చేసే పనిగా ఇతరులు అనుమానిస్తారు; ఆ అనుమానానికి ఆధారమూ ఉంటుంది. సంఘం అందరికీ తెరిచి ఉండాలంటే అది ప్రభుత్వ లెక్కలో మూసిన గడి కారాదు.

దళిత వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలను గాంధీ కూడా వ్యతిరేకించి నిరాహారదీక్ష చేశారు. ఆ దీక్ష 1932 సెప్టెంబరు నాటి పూనా ఒడంబడికకు దారితీసింది. పైకి ఇద్దరి నిర్ణయాలు ఒకే తీరువి. కారణాలు మాత్రం వేరు. హిందూ సమాజం చీలిపోరాదన్నది గాంధీ ఆందోళన. సంఘం ఒక వర్గంగా గడ్డకట్టరాదన్నది అజరయ్య ఆందోళన. అందుకే కొద్ది సంవత్సరాలకే సామూహిక మతాంతరీకరణల విషయంలో ఇద్దరూ ఎదురెదురు పక్షాలలో నిలిచారు. అజరయ్య ప్రత్యేక ఓటును వదులుకొన్నది మతం మారే హక్కును కాపాడుకోవడానికి. రాజకీయ విముఖత అన్న మాట ఈ నిర్ణయానికి సరిపోదు. రాజకీయాన్ని బాగా ఎరిగినవాడు గీసిన హద్దు ఇది.

వెట్టి, కానుక, సాక్ష్యం

ప్రభుత్వ గుర్తింపును నిరాకరించిన సంఘం తన సభ్యునికి ప్రత్యామ్నాయంగా ఏ పౌరత్వాన్ని ఇచ్చింది? ఇందుకు జవాబు సంఘాచారాలలో ఉంది. విశ్వాసి తన సంపదకు యజమాని కాడని, గృహనిర్వాహకుడని ‘క్రిస్టియన్ గివింగ్’ వాదిస్తుంది. ఆ సిద్ధాంతం డోర్నకల్ పల్లెల్లో ‘పిడికెడు బియ్యం’ రూపం తీసుకొంది. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు సంఘం కోసం పక్కన పెట్టేది.

ఈ ఆచారాన్ని బీదల ఔదార్యంగా మాత్రమే చదివితే దాని సామాజికార్థం జారిపోతుంది. ఇచ్చినవారు వెట్టి కింద నలిగిన కుటుంబాలవారు. వారి శ్రమ, వారు కుట్టిన చెప్పు గడీకి అడగకుండానే చెందేవి. ‘కానుక’ అన్న మాట కూడా గ్రామంలో అధికారికి, దొరకు భయంతో సమర్పించేదానికి చెల్లేది. సంఘంలో అదే మాట ఇష్టపూర్వకంగా ఇచ్చేదానికి పేరైంది. ఇవ్వకుండా ఉండగల స్వేచ్ఛ ఉన్నప్పుడే ఇవ్వడానికి విలువ. పిడికెడు బియ్యం పెట్టిన మాదిగ స్త్రీ తన చేతిలోని దానిపై తనకు నిర్ణయాధికారం ఉందని మొదటిసారి చూపింది. విదేశీ ధనంపైగానీ ప్రభుత్వ సహాయంపైగానీ ఆధారపడని సంఘం అన్న ఆశయానికి పునాది ఆ చేయి.

‘సాక్ష్యము’ రెండవ మాట. బాప్తిస్మం పొందినవారు తమ తలపై తాము చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించడం తమకు విధి అని పలికే ఆచారాన్ని అజరయ్య ప్రవేశపెట్టారు. గ్రామ తగవులో మాట చెల్లని మనిషికి సంఘం మొదట ఇచ్చిన పని మాట్లాడడం. మద్యపానం మానడం, సంఘంలో కులభేదం పాటించకపోవడం వంటి నియమాలు కఠినమైనవే; వాటిని సంప్రదాయవాద నీతి అనవచ్చు. కాని ఆ కాఠిన్యం కింద ఒక ప్రజాజీవన శిక్షణ ఉంది. లెక్క చూడడం, సమావేశంలో మాట్లాడడం, పెద్దలను ఎన్నుకోవడం, తప్పు చేసినవారిని విచారించడం సంఘంలో నేర్చుకొన్న పనులు. అనువాదం తొలగించిన ‘సభ’ ఆచరణలో సంఘంలోకి తిరిగి వచ్చింది.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ ఈ దృక్పథానికి శిల్పరూపం. హిందూ, ముస్లిం నిర్మాణ రీతులను కలుపుకొన్న ఆ ఆలయం ఆరాధన విషయంలో ఇంగ్లండు రాజముద్రను వదిలించుకొంది. విశ్వాసంలో సంప్రదాయం, రూపంలో దేశీయత అన్నది దాని పద్ధతి.

బసవని ఖజానా, పోతన నాగలి

విశ్వాసానికీ పాలకునికీ మధ్య గీత గీయడం ఈ ప్రాంత సాహిత్యానికి కొత్తది కాదు. ‘బసవపురాణం’లో బసవడు బిజ్జలుని దండనాయకుడు. రాజ్య ధనం జంగమారాధనకు వెచ్చిస్తున్నాడన్న ఆరోపణను ఎదుర్కొంటాడు. భక్తులపై రాజు సాగించిన హింస చివరకు రాజు హత్యతో ముగుస్తుంది. పోతన గురించి ప్రచారంలో ఉన్న సంప్రదాయం మరొక నమూనాను చూపుతుంది. ఆయన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చాడు, నాగలి పట్టి జీవించాడు అన్నది ఆ కథనం.

సోమనాథుని నమూనాలో భక్తి కొలువులో ఉండి కొలువును ఢీకొంటుంది. పోతన నమూనాలో భక్తి కొలువు వదిలి పొలానికి వెళుతుంది. అజరయ్య నమూనా ఈ రెంటికీ భిన్నం. ఆయన కొలువులో చేరలేదు, ఒంటరిగా తొలగిపోనూలేదు. కొలువు ఇస్తానన్న వాటాను వద్దని, పక్కనే మరొక సమూహాన్ని కట్టారు. పోతన నిరాకరణలో నష్టపోయేది కవి ఒక్కడే. ఆ నష్టం కీర్తిగా మారింది. అజరయ్య నిరాకరణలో నష్టపోయేది ఆయన ఒక్కరే కాదు. విమర్శ ప్రశ్నించవలసిన చోటు ఇదే.

లెక్కలోంచి జారిన కులం

సంఘంలో కులం లేదన్నది సంప్రదాయబద్ధ క్రైస్తవ విశ్వాసం. అది ఒక ఆదర్శ ప్రకటన. ప్రభుత్వం దానిని వాస్తవ ప్రకటనగా తీసుకొంది. 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను ఆ జాబితానుంచి మినహాయించింది. స్వతంత్ర భారతంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించిన ఆ హోదా క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాలలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు 1 శాతం రిజర్వేషన్ గల బి.సి.-సి వర్గంలో ఉన్నారు. మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.

దీని ఫలితం ఒక విషాద వైరుధ్యం. ప్రభుత్వ జాబితాలో సంఘం ఒక గడి కారాదని అజరయ్య అన్నారు. ప్రభుత్వం సంఘాన్ని గడిగానే ఉంచి, ఆ గడిలోకి వచ్చినవారి కులబాధను లెక్కలోంచి తీసివేసింది. కులం పోయిందన్న సంఘపు మాటను ప్రభుత్వం నమ్మింది, ఊరు నమ్మలేదు. బాప్తిస్మం తరువాత కూడా మాదిగవాడ మాదిగవాడగానే ఉంది. ఈ ఫలితానికి అజరయ్యను బాధ్యుని చేయడం చారిత్రకంగా న్యాయం కాదు. ఉత్తర్వులు ఆయన రాసినవి కావు. కాని సంఘంలో కులం లేదనడానికీ, ఊళ్లో క్రైస్తవుని కులం పోలేదనడానికీ తేడా చెప్పగల భాషను ఆ దృక్పథం తయారుచేసుకోలేదన్నది నిజం.

ఆ భాష సాహిత్యంలో తయారైంది. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, తన కథానాయకుని మొరను సంఘానికిగానీ ప్రభుత్వానికిగానీ పంపలేదు. కాశీ విశ్వేశ్వరునికి పంపాడు. అంటరానితనాన్ని సృష్టించిన వ్యవస్థ ముందే ఫిర్యాదు పెట్టడం ఆ ఎంపికలోని తర్కం. మతం మార్చుకొంటే తీరిపోయే సమస్యగా జాషువ దానిని చూడలేదు. జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000) ఇదే ప్రశ్నను తరాలుగా విస్తరిస్తుంది. శివయ్య సైమన్ అవుతాడు. ఆయన కొడుకు రూబేను సంఘంలో పెరుగుతాడు. తరువాతి తరపు ఇమ్మానుయేలు విప్లవ రాజకీయాలవైపు వెళతాడు. ఆ వంశకథలో ఒక సంఘం నుంచి మరొక సంఘానికి సాగిన ప్రయాణం ఉంది. నవల క్రైస్తవ సంఘాన్ని కొట్టిపారేయదు. చదువు, పేరు, తలెత్తుకొనే తీరు అక్కడినుంచి వచ్చాయని చెబుతూనే, అక్కడితో ఆగలేని కారణాన్నీ చూపుతుంది. డోర్నకల్ ఆలోచనకు తెలుగులో వచ్చిన నిశితమైన సమాధానాలలో ఇది ఒకటి.

ముగింపు

సంప్రదాయబద్ధ క్రైస్తవ దృక్పథాన్ని పాలక విధేయత అనిగానీ రాజకీయ విముఖత అనిగానీ తేల్చివేయడం డోర్నకల్ విషయంలో చెల్లదు. ప్రభుత్వం ఇచ్చే గుర్తింపుకు లోనుకాని సమూహం ఉండాలని ఆ దృక్పథం పట్టుపట్టింది. విశ్వాసాన్ని ఓటు లెక్కగా మార్చడానికి అన్ని మతాలలోనూ ప్రయత్నాలు సాగుతున్న కాలంలో ఆ పట్టుదలకు విలువ తగ్గలేదు. అదే సమయంలో, అణగారినవారికి ప్రభుత్వ గుర్తింపు అలంకారం కాదని, బతుకు అవసరమని ఆ దృక్పథం గ్రహించవలసినంత గ్రహించలేదు. వాటా వద్దనగల స్థోమత బిషప్‌కు ఉంది. పిడికెడు బియ్యం పెట్టిన స్త్రీ మనవరాలికి కులధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది.

పాలకుర్తి, బమ్మెర, కడవెండి సరసన డోర్నకల్‌నూ జనగామ బాప్టిస్టు కేంద్రాన్నీ నిలిపి చదివినప్పుడు ఈ ప్రాంత సాహిత్య చరిత్ర మరింత సమగ్రమవుతుంది. డోర్నకల్‌ను కూడలిగా మార్చిన సింగరేణి బొగ్గు తవ్వకం నేడు భూపాలపల్లిలో సాగుతోంది. ఆ గని కాలనీలలోనూ ‘సంఘం’ అన్న మాట కార్మికుల కూటమికీ ఆరాధన సమూహానికీ కలిపి వాడుకలో ఉంది. ఆ మాటలో సభ ఎంత, సంఘం ఎంత అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఇంకా సజీవంగానే ఉంది.